పొలం నుంచి వచ్చేసరికి మూసేసే ఆసుపత్రి

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ సత్యకుమార్ యాదవ్ గారికి,



శ్రీకాకుళం అనగానే మీ శాఖలో ఎవరికైనా ముందు ఉద్దానమూ, అక్కడి కిడ్నీ జబ్బూ గుర్తుకొస్తాయి. ఆ బాధ ముందు వరసలో ఉండటం న్యాయమే. ఈ ఉత్తరం మాత్రం ఇంకో శ్రీకాకుళం నుంచి వస్తోంది. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున, ఆంధ్ర మహావిష్ణువు కోవెల ఉన్న ఊరు మాది. శ్రీకృష్ణదేవరాయలికి స్వామి కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్నది ఇక్కడేనని చెప్పుకుంటాం. చరిత్రలో పేరున్న ఊరే అయినా, జ్వరం వచ్చినప్పుడు డెల్టాలోని మిగతా పల్లెలకూ మాకూ తేడా ఏమీ లేదు. అందుకే ఇది మా ఒక్క ఊరి మాట కాదు. ఘంటసాల, మొవ్వ, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వరకు వరి మీదా, చేపల మీదా, రెక్కల కష్టం మీదా బతికే వాళ్ళందరి మాట. మేము కొత్త ఆసుపత్రి అడగటం లేదు. ఉన్న ఆసుపత్రి, ఉన్న డాక్టరు, ఉన్న 104 సంచార వైద్య బండి మేము పనిలో లేని వేళ మాకు దొరకాలని మాత్రమే అడుగుతున్నాం.

ముందుగా ఒప్పుకోవలసిన మంచి ఒకటుంది. ఊరికీ వైద్యానికీ మధ్య దూరం ఈ ఇరవై ఏళ్ళలో నిజంగానే తగ్గింది. ఒకప్పుడు ముప్పై వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ), అయిదు వేల మందికి ఒక నర్సమ్మ ఉంటే అదే గొప్ప. ఇప్పుడు దాదాపు రెండున్నర వేల జనాభాకు ఒకటి చొప్పున రాష్ట్రమంతా 10,032 విలేజ్ హెల్త్ క్లినిక్‌లు తలపెట్టారు. వాటిలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ ఉంటారు, ఆశా కార్యకర్త ఉంటుంది, చిన్న చిన్న పరీక్షలు అక్కడే చేస్తారు. 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని ప్రారంభించారు. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు ఉండాలని, ఒకరు ఆసుపత్రిలో కూర్చుంటే మరొకరు 104 బండిలో ఊళ్ళకు వెళ్ళాలని, ఒక్కో ఊరికి నెలకు రెండుసార్లు రావాలని అప్పుడు అనుకున్నారు. ప్రభుత్వాలు మారాయి, బోర్డుల మీద పేర్లు మారాయి, కానీ ఊరి దాకా డాక్టరు రావాలన్న ఆలోచన సరైనదే. 2023లోనే బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. ఇన్ని జరిగాక కూడా సాయంత్రం అయ్యేసరికి మా ఊళ్ళలో జనం డిగ్రీ లేని ఆర్‌ఎంపీ వైద్యుడి అరుగు మీదే ఎందుకు కూర్చుంటున్నారన్నది అడగాల్సిన ప్రశ్న.

దూరం తగ్గించాం గానీ వేళ చూసుకోలేదు. కారణం అదేనని నా వాదన. పీహెచ్‌సీలో ఓపీ ఉదయం తొమ్మిదికి మొదలై సాయంత్రం నాలుగుకల్లా ముగుస్తుంది. ఊరి క్లినిక్‌దీ, 104 బండిదీ ఇంచుమించు అదే వేళ. ఊడ్పుల కాలంలో ఒక కూలి మనిషి రోజు ఎలా గడుస్తుందో పక్కన పెట్టి చూడండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి అన్నం వండి, పిల్లలకు కొంత ఉంచి, మిగిలింది క్యారేజీలో సర్దుకుంటుంది. ఆరింటికల్లా ముఠా ఆటో వీధి చివర హారన్ కొడుతుంది. పది పన్నెండు మంది ఒకే ఆటోలో ఇరుక్కుని పక్క మండలం దాకా పోతారు. ముఠా అంటే లెక్క ప్రకారం ఒప్పుకున్న పని కాబట్టి, ఒకరు మానేస్తే ఆ భారం మిగతావాళ్ళ నడుం మీద పడుతుంది. రెండుసార్లు మానేసిన మనిషిని మూడోసారి పిలవరు. మోకాలి లోతు బురదలో వంగి నాటి, బట్టలు ఆరకుండానే ఇంటికి చేరేసరికి మూడో నాలుగో అవుతుంది. అప్పటికి ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాయడం ఆపేసి ఉంటారు. కోతల్లోనూ ఇంతే, మినుము తీతల్లోనూ ఇంతే. చేపల చెరువుల మీద మేత వేసేవాళ్ళకూ, గిలకలదిండి రేవు నుంచి చేపల వేటకు పోయేవాళ్ళకూ వేళలు వేరు, కానీ తొమ్మిది నుంచి నాలుగు మధ్య తీరిక ఉండదన్నది అందరికీ ఒకటే.

ఇక్కడ 'ఉచితం' అన్న మాటను లెక్క కట్టి చూడాలి. మందు ఉచితం, పరీక్ష ఉచితం, చీటీ ఉచితం. పోగొట్టుకున్న పూట మాత్రం ఉచితం కాదు. ఊడ్పుల రోజుల్లో వచ్చే కూలి మాట పక్కన పెట్టి, ఉపాధి హామీ పథకం 2025–26లో మన రాష్ట్రానికి నిర్ణయించిన 307 రూపాయలనే తీసుకుందాం. బీపీ బిళ్ళల కోసం నెలకు ఒక్కరోజు పని మానుకుంటే ఏడాదికి 3,684 రూపాయలు. ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ బీపీయో, షుగరో ఉంటే 7,368 రూపాయలు. ఆటో ఖర్చు ఇందులో కలపలేదు. ఇంత ఖరీదైన ఉచిత మందును నెలనెలా కొనుక్కునే స్తోమత ఎందరికి ఉంటుంది? పైగా బీపీ నొప్పి పెట్టదు, మంట పుట్టదు. నొప్పి లేని జబ్బు కోసం కూలి వదులుకోమంటే బీద ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. అది వాళ్ళ అజ్ఞానం కాదు, వాళ్ళ ఇంటి లెక్క. అందుకే 104 వచ్చిన రోజున క్లినిక్ దగ్గర ఎక్కువగా కనిపించేది ఇంటిపట్టున ఉండే ముసలివాళ్ళు. వాళ్ళకు మందులు అందుతున్నాయి, సంతోషం. కానీ జబ్బును మొదట్లోనే పట్టుకోవలసిన వయసు నలభై, నలభై అయిదు. ఆ వయసు వాళ్ళంతా ఆ గంటల్లో పొలంలో ఉంటారు.

ఆ తర్వాత జరిగేది మీ శాఖ రికార్డుల్లోనే ఉంటుంది. బిళ్ళ వేసుకోని బీపీ ఒకరోజు పక్షవాతమై వస్తుంది, పట్టించుకోని షుగరు కాలి మీద పుండై వస్తుంది, కిడ్నీల మీద దెబ్బ కొడుతుంది. అప్పుడు 108 వస్తుంది, పెద్దాసుపత్రికి చేరుస్తుంది. 2007లో మూడు జిల్లాల్లో మొదలై, పేర్లు మార్చుకుంటూ నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. దాన్ని తగ్గించమని ఎవరూ అనరు. కానీ ఒక విషయం ఆలోచించండి. మంచం పట్టిన మనిషి చికిత్సకు ప్రభుత్వం లక్షలు కట్టడానికి సిద్ధంగా ఉంది. అదే మనిషి మంచం పట్టకుండా ఆపగలిగిన బిళ్ళను మాత్రం అతనికి వీలుకాని వేళలో పంచుతోంది. చివరన అంత ఖర్చు పెట్టే చేయి మొదట్లో కొన్ని గంటలు అటూ ఇటూ జరిపితే, ఖజానాకూ మేలు, ఆ ఇంటికీ మేలు.

జనం ఏం కోరుకుంటున్నారో తెలుసుకోవడానికి ప్రత్యేకంగా సర్వే చేయనక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం దేశంలో దాదాపు సగం కుటుంబాలు జబ్బు చేస్తే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళడం లేదు. ఎందుకు వెళ్ళరని ఆ సర్వే అడిగే కారణాల్లో నాణ్యత, నిరీక్షణ, దూరంతో పాటు 'వేళలు కుదరవు' అన్నది కూడా ఒకటి. మా పల్లెల్లో అయితే ఆర్‌ఎంపీ అరుగే ఆ సర్వే. దీపాలు పెట్టే వేళకు అక్కడ ప్లాస్టిక్ కుర్చీలు నిండుతాయి. స్నానం చేసి, పిల్లను చంకనేసుకుని వచ్చిన తల్లి ఉంటుంది, సెలైను ఎక్కించుకుంటూ బల్ల మీద పడుకున్న కూలి మనిషి ఉంటాడు. డబ్బు లేకపోతే పుస్తకంలో రాసుకుంటారు, కోతల తర్వాత తీర్చుకుంటారు. ఆ ఆర్‌ఎంపీ చదువు తక్కువని అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. ఆ వేళకు తెరిచి ఉన్న తలుపు అదొక్కటే గనక కూర్చుంటున్నారు. ఆయన అందరికీ ఒకే రకం సూది, అక్కర్లేని యాంటీబయాటిక్, నొప్పుల కోసం స్టెరాయిడ్ ఇస్తే, ఆ నష్టానికి బాధ్యత ఆయన ఒక్కడిదే కాదు. ఆ వేళను ఆయనకు వదిలేసిన ప్రభుత్వానిది కూడా.

అయితే ఆర్‌ఎంపీలకే శిక్షణ ఇస్తే సరిపోదా అనే వాళ్ళున్నారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి కాలంలో కమ్యూనిటీ పారామెడిక్‌ల పేరుతో ఆ ప్రయత్నం జరిగింది. పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లాలో ఇలాంటి శిక్షణ మీద జరిగిన అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. శిక్షణ తర్వాత జబ్బును సరిగా చూడటం మెరుగైంది, అక్కర్లేని మందులు రాయడం మాత్రం తగ్గలేదు. అంటే శిక్షణ కొంత ఉపయోగపడుతుంది, డాక్టరుకు బదులు కాలేదు. దాడులు చేసి ఆ అరుగులన్నీ మూయించినా ప్రయోజనం లేదు. బదులు చూపించకుండా మూస్తే జనం మందుల షాపు కౌంటరు దగ్గరే నేరుగా బిళ్ళలు కొనుక్కుంటారు. ఆ అరుగు మీద జనం తగ్గాలంటే ఒక్కటే దారి. అదే వేళకు, దాని పక్కనే, అసలు డాక్టరు కూర్చోవాలి.

వేళ విలువ ఎంతో మాకు బాగా నేర్పినవి పాములు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎంత ఎక్కువయ్యాయంటే, బెడద పోవాలని మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి కోవెలలో యాగం చేయించారు. భయపడిన జనం దేవుణ్ణి తలుచుకోవడంలో తప్పు లేదు. కానీ ప్రాణం నిలిపేది విషానికి విరుగుడు సూది, అది కూడా వేళకు పడితేనే. ఊడ్పుల నాటికి కలుగుల్లోకి నీళ్ళు చేరి పాములు గట్లెక్కుతాయి. రక్తపింజర మసక వెలుతురులో గట్టు మీద కాలికి తగులుతుంది, కట్లపాము రాత్రి నేల మీద పడుకున్న వాణ్ణి కాటేస్తుంది. పాము ఓపీ వేళలు చూసుకుని కరవదు. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ లక్ష్యం కాగితం దాటాలంటే, ఇక్కడి ప్రతి పీహెచ్‌సీ గోడ మీద రెండు సంగతులు కనబడాలి: ఈ రాత్రి విరుగుడు సూదులు ఎన్ని ఉన్నాయి, వాటిని ఎక్కించగల మనిషి ఎవరు. ఎదురుమొండి లాంటి లంక ఊరి వాళ్ళు పాయ దాటి వచ్చాక 'ఇక్కడ లేదు, ఇంకో చోటికి పొండి' అనిపించుకోకూడదు.

ఇక నా విన్నపం వివరంగా చెబుతాను. 104 బండి వెంట వచ్చే డాక్టరు ప్రస్తుతం ఉదయం ఊళ్ళో ఓపీ చూసి, మధ్యాహ్నం మంచం పట్టిన వాళ్ళ ఇళ్ళకూ, బడికీ, అంగన్‌వాడీకీ వెళ్ళేలా ఆ విధానం రూపొందింది. ఈ వరసను తిరగేయండి. ఆ డాక్టరు డ్యూటీ తొమ్మిదికి బదులు మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదలవనివ్వండి. ముందు బడి, అంగన్‌వాడీ, మంచాన ఉన్నవాళ్ళు. వీళ్ళంతా పగలు ఎక్కడికీ పోయేవాళ్ళు కాదు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడున్నర దాకా ఊరి క్లినిక్‌లో ఓపీ. గంటలు అవే ఏడు, జీతం అదే, బండి అదే, కట్టడం అదే. రెండోది, బీపీ, షుగరు అదుపులో ఉన్నవాళ్ళకు నెలకు సరిపడా కాకుండా రెండు మూడు నెలలకు సరిపడా బిళ్ళలు ఒకేసారి ఇవ్వండి. మధ్యలో ఆశా కార్యకర్త ఇంటికి వెళ్ళి చూసివస్తుంది. మూడోది, ఏ ఊరికి ఏ రోజు డాక్టరు వస్తారో నెల ముందే పంచాయతీ బోర్డు మీద రాయించండి, రాలేకపోతే ముందురోజే దండోరా వేయించండి. కూలి వదులుకుని వచ్చాక డాక్టరు రాలేదని తెలిస్తే, ఆ మనిషి మళ్ళీ ఆ వైపు చూడదు.

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. కేరళలో 2017లో మొదలైన ఆర్ద్రం మిషన్ కింద పీహెచ్‌సీలను కుటుంబ ఆరోగ్య కేంద్రాలుగా మార్చినప్పుడు సాయంత్రం ఆరు దాకా ఓపీ నడపాలని నిర్ణయించారు. అందుకోసం వాళ్ళు సిబ్బందిని పెంచారన్నదీ చెప్పాలి. తమిళనాడు 2021 ఆగస్టులో మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం బీపీ, షుగరు మందులను ఇంటి గడప దాకా తీసుకెళ్ళింది. 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు ప్రాథమిక వైద్యానికి నిర్వచనం చెప్పుకున్నప్పుడు, జనం నివసించే చోటికే కాదు, పని చేసే చోటికి కూడా వీలైనంత దగ్గరగా వైద్యం ఉండాలన్నారు. పని అన్న మాట ఊరికే పెట్టలేదు. రెక్కాడితే గాని డొక్కాడని వాడికి వైద్యం దగ్గరవడమంటే పనికి అడ్డం రాకుండా దొరకడమే.

దీనికి మొదటి అభ్యంతరం డాక్టర్ల నుంచే వస్తుంది, అది తోసిపుచ్చదగింది కాదు. ఇప్పటికే రిపోర్టులు, యాప్‌లు, సమావేశాలతో వాళ్ళు అలసిపోయి ఉన్నారు. పీజీ ఇన్‌సర్వీస్ కోటా వంటి సమస్యల మీద 2025లో పీహెచ్‌సీ డాక్టర్లు సమ్మెకు దిగాల్సి వచ్చింది. పల్లెల్లో పనిచేసిన ఏళ్ళకు విలువ ఉండాలన్న వాళ్ళ మాటలో న్యాయం ఉంది, సాయంత్రాలు ఊళ్ళో గడిపే వాళ్ళకు అది ఇంకా ఎక్కువగా దక్కాలి. పైగా డాక్టర్లలో ఎందరో ఆడపిల్లలు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో జరిగిన ఘోరం తర్వాత ఆడపిల్లను చీకటి పడ్డాక డ్యూటీ చేయమనేటప్పుడు ఎవరికైనా గుండె పీచుమంటుంది. అందుకే నేను అడుగుతున్నది రాత్రి డ్యూటీ కాదు, ఏడున్నర దాకానే. వచ్చిన బండే వాళ్ళను క్షేమంగా తిరిగి చేర్చాలి. పక్కన సిబ్బంది ఉండాలి, క్లినిక్‌కు దీపాలు, మరుగుదొడ్డి, నీళ్ళు ఉండాలి. ఆ బాధ్యతలో పంచాయతీకీ వాటా ఉండాలి. ఈ ఏర్పాట్లు చేయలేమంటే సాయంత్రం ఓపీ అడిగే హక్కు మాకూ ఉండదు.

రెండో అభ్యంతరం, వేళలు మార్చడం కంటే హాజరు గట్టిగా చూస్తే చాలని. రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ నర్సుల హాజరును తేదీ, సమయం ముద్రించే యంత్రాలతో చూసింది. మొదట హాజరు పెరిగింది. తర్వాత అధికారులు మినహాయింపులు ఇచ్చుకుంటూ పోవడంతో పదహారు నెలలకు అంతా మొదటికి వచ్చింది. దాన్ని అధ్యయనం చేసిన వాళ్ళలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో కూడా ఉన్నారు. యంత్రం మనిషిని కుర్చీలో కూర్చోబెట్టగలదేమో గాని, ఎదురుగా రోగులను కూర్చోబెట్టలేదు. జనం రాగలిగే వేళ పెట్టి, రావడం అలవాటైతే, డాక్టరు రాని రోజున అడిగేది ఊరే. అంతకు మించిన హాజరు పట్టీ లేదు.

మూడోది, అత్యవసరానికి ఇరవై నాలుగు గంటలూ నర్సులు ఉన్నారు కదా, ఈ-సంజీవనిలో వీడియోలో డాక్టరు దొరుకుతున్నారు కదా అని. కాన్పుకూ, ప్రమాదానికీ ఆ ఏర్పాటు ఉండాల్సిందే. కానీ అత్యవసరం కాకముందే జబ్బును చూడటం గురించే ఈ ఉత్తరమంతా. వీడియో వైద్యం మంచిదే, అయితే దాన్ని కలిపి ఇచ్చే క్లినిక్ కూడా నాలుగింటికే మూస్తే ఫలమేమిటి? సాయంత్రం తెరిచి ఉంచితే, డాక్టరు ఊరికి రాని రోజుల్లో ఆ తెరే అక్కరకు వస్తుంది.

సాయంత్రం ఎవరూ రాకపోతే అన్నది చివరి అనుమానం. దాన్ని వాదనతో కాదు, లెక్కతో తీర్చుకుందాం. రాష్ట్రమంతా ఒకేసారి మార్చవద్దు. ఘంటసాల, మొవ్వ మండలాలతో పాటు దివిసీమలో ఒక ఏడాది పాటు చేసి చూడండి. ఆ ఏడాదిలో ఊడ్పులూ వస్తాయి, కోతలూ వస్తాయి, మినుము తీతలూ వస్తాయి. ఓపీ రిజిస్టరులో వచ్చిన వేళనూ, వయసునూ రాయించండి. కొత్తగా బీపీ, షుగరు బయటపడిన వాళ్ళెందరో, ఆరు నెలల తర్వాత కూడా బిళ్ళలు వేసుకుంటున్న వాళ్ళెందరో చూడండి. ఆ లెక్కను మీ శాఖలోనే ఉంచుకోకుండా గ్రామసభల్లో చదివి వినిపించండి. లెక్క నిలబడకపోతే, పాత వేళలకే తిరిగి పోదాం. నిలబడితే, డెల్టా అంతటా అమలు చేయండి.

మంత్రి గారూ, ఊడ్పుల్లో నారు ముదిరాక నాటితే ఎంత ఎరువు వేసినా పిలక రాదని మా రైతులకు తెలుసు. మంచి నారు, మంచి నేల ఉంటే చాలదు, అదను కావాలి. మీ శాఖ చేతిలో డాక్టరు ఉన్నారు, మందు ఉంది, ఊరూరా గది ఉంది. అదను ఒక్కటే తప్పుతోంది. వచ్చే ఊడ్పుల నాటికి, బురద కాళ్ళు కడుక్కుని వీధిలోకి వచ్చిన మనిషికి క్లినిక్‌లో దీపం వెలుగుతూ కనిపించేలా చేయండి.

ఇట్లు,
శ్రీకాకుళం గ్రామ పౌరుడు,
ఘంటసాల మండలం, కృష్ణా జిల్లా